నూతి దగ్గర పని లెక్క

మన ఇళ్ళల్లో "పని" అనే మాటకి ఉన్నన్ని అర్థాలు ఏ నిఘంటువులోనూ దొరకవు. పనిమనిషి రాకపోతే పని. అల్లుడొస్తే పని. పొద్దున్న ఐదింటికి లేచింది మొదలు రాత్రి పదింటికి నడుం వాల్చేదాకా చేసేదంతా పని. ఇంతా అయ్యాక "ఇంట్లో కూచునేదానివి, నీకేం పని?" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఇన్ని అర్థాల మధ్య కాపురం చెయ్యడానికి మనం ఎలాగో అలవాటు పడ్డాం గానీ, భౌతికశాస్త్రం వాళ్ళు మరొక అర్థం తెచ్చిపెట్టారు చూశారూ, దాంతో వచ్చింది చిక్కంతా.

వాళ్ళ మాట ప్రకారం ఒక వస్తువు మీద బలం పడాలి, ఆ వస్తువు కదలాలి. బలాన్నీ, ఆ బలం దిశలో వస్తువు జరిగిన దూరాన్నీ గుణిస్తే వచ్చేది పని. 1829లో కొరియోలిస్ అనే ఫ్రెంచి పండితుడు యంత్రాల గురించి పుస్తకం రాస్తూ దీనికి ఆ పేరు స్థిరపరిచాడు. ఆ రోజుల్లో ఇంజనీర్లకి కావలసింది ఒక్కటే: ఈ యంత్రం ఎంత బరువుని ఎంత ఎత్తుకి లేపగలదు? ఇంగ్లండులో మొదటి ఆవిరి యంత్రాలు పెట్టింది కూడా గనుల్లో ఊరే నీళ్ళు తోడిపొయ్యడానికే. అంటే శాస్త్రజ్ఞుల పని పుట్టింది నీళ్ళు తోడే చోటే. ఈ సంగతి తెలిశాక నాకు ఆ శాస్త్రం మీద కాస్త బంధుప్రీతి కలిగింది.

మా మనవరాలికి మాత్రం బంధుప్రీతి కాదు గదా, ఆ పాఠం పేరెత్తితే కళ్ళనీళ్ళే. మా అమ్మాయి కూతురు అది. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎం.పి.సి. మొన్న దసరా సెలవులకి మా శృంగవరపుకోట వచ్చింది. చిన్నప్పుడు ఇక్కడికొచ్చిన ప్రతిసారీ స్టేషనుకి తీసికెళ్ళమని తాతగారి చెయ్యి పట్టుకు లాగేది. పెద్దయ్యాక రైలింజను నడుపుతానని అందరికీ చెప్పేది. అలాంటి పిల్ల ఈసారి పుస్తకం మూసేసి, "అమ్మమ్మా, నాకీ ఫిజిక్సు రాదు. ఏడాది పోతే పోయింది, సి.ఇ.సి.కి మారిపోతాను" అంది. సి.ఇ.సి. చదవడం తక్కువేమీ కాదు. కానీ ఇష్టపడి మారడం వేరు, ఒక మైనస్ గుర్తుకి భయపడి పారిపోవడం వేరు.

అవును, దాని భయమంతా ఆ మైనస్ గుర్తు మీదే. పని ఎప్పుడు ధనాత్మకం, ఎప్పుడు రుణాత్మకం అన్నది దానికి అంతుపట్టలేదు. ఎవరో స్నేహితురాలు ఒక చిట్కా చెప్పిందిట: "పైకెళ్తే ప్లస్, కిందికొస్తే మైనస్." ఇంకొకతె, "ఘర్షణ ఉంటే ఎప్పుడూ మైనస్" అందిట. ఈ రెండు చిట్కాలూ పట్టుకుని పరీక్షలో పదికి రెండు తెచ్చుకుంది. నేను పాతకాలపు పి.యు.సి.లో ఆ శాస్త్రం చదివినదాన్నే. పెళ్ళయ్యాక యాభై ఏళ్ళపాటు చింతపండూ, మినప్పప్పూ లెక్కలు తప్ప మరో లెక్క చూడకపోయినా, ఈ పాఠం మటుకు నూతిలో పడ్డ బొక్కెనలాగా ఎక్కడో అడుగున ఉండిపోయింది. పాతాళగరిగె వేసి పైకి తీశాను.

అసలు ఈ తికమకకి మన తెలుగు మాటలు కూడా కొంత కారణమేమోనని నా అనుమానం. "ధన" అనగానే డబ్బు, లక్ష్మి, శుభం. "రుణ" అనగానే అప్పు, వడ్డీ, వీధరుగు మీద కూచున్న అప్పులాయన. అంచేత ధన పని మంచిదనీ, రుణ పని చెడ్డదనీ, లేదా చెయ్యకుండా ఎగ్గొట్టిన పని అనీ పిల్లలకి ఒక అభిప్రాయం పడిపోతుంది. నిజానికి అదే మాట పట్టుకుంటే దారి దొరుకుతుంది. ధనం, రుణం రెండూ ఖాతా పుస్తకంలో మాటలు. వస్తువుకి శక్తి అందిస్తే ధన పని. వస్తువు దగ్గర్నుంచి శక్తి తీసుకుంటే రుణ పని. జమా ఖర్చులకి మంచీ చెడూ ఏముంటుంది? ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అన్నదే చూడాలి.

"పుస్తకం అవతల పెట్టి నూతి దగ్గరికి రా" అన్నాను. మా పెరట్లో నుయ్యి ఇంకా ఉంది. మోటారు వచ్చాక దాని మొహం చూసేవాళ్ళు లేరు గానీ, గిలకా చేంతాడూ ఉన్నాయి. బొక్కెనలో పది లీటర్లు పడతాయి, అంటే పది కిలోలు. నీటిమట్టం ఆరు మీటర్ల లోతున ఉందనుకున్నాం. భూమి ప్రతి కిలోనీ సుమారు పది న్యూటన్ల బలంతో కిందికి లాగుతుంది కాబట్టి బొక్కెన బరువు వంద న్యూటన్లు. నెమ్మదిగా తోడాలంటే తాడు కూడా వంద న్యూటన్ల బలంతో పైకి లాగాలి.

పిల్ల తోడింది. పైకొచ్చేసరికి రొప్పుతూ ఉంది.

"ఇప్పుడు చెప్పు. బొక్కెన ఎటు కదిలింది?"

"పైకి."

"నీ తాడు ఎటు లాగింది?"

"పైకే."

"రెండూ ఒకే వైపు. అంటే నువ్వు బొక్కెనకి ఇచ్చావు. వందని ఆరుతో గుణిస్తే 600 జౌళ్ళు, ధనం. మరి భూమి ఎటు లాగింది?"

"కిందికి. బొక్కెన మాత్రం పైకొచ్చింది... అయితే భూమి చేసిన పని మైనస్ 600."

"అంతే. ఒకే బొక్కెన, ఒకే ప్రయాణం. నీ ఖాతాలో ప్లస్, భూమి ఖాతాలో మైనస్. 'పైకెళ్తే ప్లస్' అన్న చిట్కా ఎవరి ఖాతాకని అడిగితే ఏం చెబుతుంది?"

తరవాత నిండు బొక్కెనని మళ్ళీ నెమ్మదిగా లోపలికి దింపమన్నాను. ఇప్పుడు బొక్కెన కిందికి పోతోంది, భూమీ కిందికే లాగుతోంది. భూమి పని ప్లస్ 600. పిల్ల చేతులు మటుకు ఇంకా పైకే లాగుతున్నాయి, లేకపోతే బొక్కెన దభీమని పడుతుంది. చేతులు చేసిన పని మైనస్ 600. "అమ్మమ్మా, మైనస్ అంటే నేనేం చెయ్యనట్టు కాదన్నమాట" అంది అరచేతులు చూసుకుంటూ. చేంతాడు జారి చేతులు ఎర్రబడి వెచ్చగా ఉన్నాయి. బొక్కెన దగ్గర్నుంచి తీసుకున్న శక్తి ఎక్కడికి పోయిందో ఆ వేడే చెప్పింది.

కానీ వెంటనే ఒక ప్రశ్న వేసింది. "తోడినప్పుడు నాది ప్లస్ 600, భూమిది మైనస్ 600. కలిపితే సున్నా. మరి నేనింత ఆయాసపడిందంతా ఏమైపోయింది?" నిజానికి పుస్తకంలో ఇది ఒక్క వాక్యంలో ఉంది: వస్తువు మీద జరిగిన మొత్తం పని దాని గతిజశక్తిలో వచ్చిన మార్పుకి సమానం. బొక్కెన మొదట కదలకుండా ఉంది, చివరా కదలకుండానే ఉంది. వేగంలో మార్పు లేదు కాబట్టి మొత్తం సున్నా. అయితే భూమి పుచ్చుకున్న ఆ 600 పోలేదు. భూమి బ్యాంకు లాంటిది. ఎత్తు రూపంలో దాచి, వస్తువు దిగి వచ్చినప్పుడు పైసాతో సహా తిరిగి ఇస్తుంది. దాన్నే స్థితిజశక్తి అంటారు. ఘర్షణ అలా కాదు. అది గిన్నెడు పంచదార చేబదులు పట్టుకెళ్ళిన పొరుగింటావిడ లాంటిది. తీసుకోవడమే గానీ తిరిగి రావడం ఉండదు, వేడిగా మారిపోతుంది. గిలక కిర్రుమన్నప్పుడల్లా మన ఖాతాలోంచి కొంత ఆవిడ చేతిలో పడిందన్నమాట.

మేమిలా లెక్కలు కడుతుంటే సీతాఫలాలమ్మే ఆవిడ పెరటి గుమ్మంలోంచి వచ్చింది. ఆ రోజుల్లో కొండ పళ్ళు మా ఊరి వీధుల నిండా వస్తాయి. ఆవిడ గంప దింపుతుంటే మా పిల్లకి ఉత్సాహం పుట్టింది. "గంప నెత్తికి ఎత్తుకున్నప్పుడు ఈ మామ్మ చేసింది ధన పని. ఇప్పుడు దింపేటప్పుడు రుణ పని. మధ్యలో సాపు రోడ్డు మీద నడిచినంతసేపూ గంప మీద తల పెట్టిన బలం పైకి, ప్రయాణం ముందుకి. పైకీ కాదు, కిందికీ కాదు. కాబట్టి గంప మోసిన పని సున్నా!"

సున్నా అన్న మాట ఆవిడ చెవిని పడనే పడింది.

"ఓలమ్మో, సున్నా ఏటి తల్లీ! మెడ నరాలు లాగేస్తంటే సున్నా అంతారేటి? ఆ లెక్క రాసినోడి నెత్తిన ఈ గంపెట్టి బొడ్డవర కాడ్నుంచి నడిపించండి, తెలుస్తాది!"

ఆవిడ కోపంలో న్యాయం ఉంది, పుస్తకంలో తప్పూ లేదు. పుస్తకం అడుగుతున్నది గంపకి ఎంత శక్తి ముట్టిందని. సాపు నేల మీద ఒకే వేగంతో నడిచినప్పుడు గంపకి కొత్తగా ముట్టిందేమీ లేదు. ఆవిడ ఒళ్ళు ఎంత ఖర్చుపడిందన్నది వేరే ఖాతా. బరువు మోస్తూ నిలబడ్డా సరే, మన కండరాల్లో సన్నని పోగులు క్షణక్షణం బిగిసి వదులుతూ ఉంటాయి. తిన్న తిండి అక్కడ కరిగి వేడిగా మారుతుంది. చంటిపిల్లని చంకనేసుకుని కదలకుండా గంట నిలబడితే పిల్ల మీద మనం చేసిన పని సున్నా. మన ఆకలి మాత్రం సున్నా కాదు. ఇంటిచాకిరీని లెక్కలోకి రాని పని అనే పెద్దలకి ఈ మాట చెప్పాలి. లెక్క సున్నా వచ్చినప్పుడు ముందు ఎవరి ఖాతా చూశారో అడగాలి. ఆవిడకి మంచినీళ్ళిచ్చి, బేరమాడకుండా డజను పళ్ళు తీసుకున్నాం.

ఆ సాయంత్రం స్టేషను వైపు నడిచాం. మా ఊరి మీదుగా పోయే కె.కె. లైను, అంటే కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు మార్గం, 1960లలో వేశారు. బైలడిల్లా కొండల్లో తవ్విన ఇనుప రాయిని విశాఖ రేవు నుంచి జపానుకి పంపడం కోసం పుట్టిన లైను అది. అరకు వెళ్ళిన వాళ్ళందరూ చూసే ఉంటారు. బొడ్డవర దాటాక సొరంగాలూ వంతెనలూ, మధ్యలో బొర్రా గుహలు, పైన శిమిలిగుడ స్టేషను. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉందా స్టేషను. ఖాళీ బండ్లు కొండెక్కుతాయి, రాయి నింపుకున్న బండ్లు కొండ దిగుతాయి. శిమిలిగుడ నుంచి మా కోట దాకా దిగుడు సుమారు 900 మీటర్లు ఉంటుంది.

"దిగే బండికి ఇంజను ఎందుకు, భూమే లాక్కొస్తుంది గదా అని చిన్నప్పుడు తాతయ్యని అడిగేదాన్ని" అంది పిల్ల. అయితే లెక్క కట్టమన్నాను. ఒక్క టన్ను రాయి, అంటే వెయ్యి కిలోలు, 900 మీటర్లు దిగితే భూమి చేసే ధన పని 90 లక్షల జౌళ్ళు. ఎవరూ అడ్డం పడకపోతే ఆ శక్తంతా వేగంగా మారాలి. ఎంత వేగమో పిల్ల సెల్‌ఫోనులో లెక్క కట్టింది. గంటకి 480 కిలోమీటర్ల పైన! ఆ మెలికల దారిలో, ఆ సొరంగాల్లో ఆ వేగమంటే ఊహించుకోవడానికే భయం. బండి క్షేమంగా, నెమ్మదిగా మా ఊరికి వస్తోందంటే భూమి ఇచ్చిందంతా ఎవరో కొండ పొడుగునా పట్టి తిరిగి తీసుకుంటూ ఉండాలి. కొంత గాలీ పట్టాలూ తీసుకుంటాయి. మిగిలినదంతా తీసుకునేది బ్రేకులు. చక్రాలు ముందుకి తిరుగుతుంటే అవి వెనక్కి పడతాయి. ఘాటు దిగినంతసేపూ బ్రేకులు చేసేది రుణ పనే. దాన్ని చెడ్డ పని అనగల ధైర్యం ఎవరికుంది?

ఆ రుణం ఏమవుతుందన్నది ఇంకా బాగుంటుంది. మామూలు బ్రేకు దిమ్మలు రాసుకుంటే అదంతా వేడి. పొరుగింటావిడ పంచదారే. 1980ల్లో ఈ లైనుకి కరెంటు ఇంజన్లు వచ్చాయి. ఇప్పటి త్రీఫేజు ఇంజన్లలో మరో సదుపాయం ఉంది. దిగుడులో వాటి మోటార్లే కరెంటు పుట్టించే యంత్రాలుగా మారతాయి. బండిని వెనక్కి పట్టి ఉంచుతూ, తీసుకున్న శక్తిని పైనున్న తీగలోకి పంపుతాయి. ఆ తీగ మీద మరెక్కడో కొండెక్కుతున్న బండి దాన్ని వాడుకుంటుంది. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు. టన్నుకి 90 లక్షలంటే రెండున్నర యూనిట్లు. మూడువేల టన్నుల బండి అనుకుంటే 7,500 యూనిట్లు. నెలకి 150 యూనిట్లు కాల్చే మా ఇంటికి నాలుగేళ్ళ పైచిలుకు సరిపోతుంది! అంతా తిరిగి రాదు, దారిలో పోయేది పోతుంది. అయినా రుణంగా పట్టింది కొంత మరో బండికి ధనంగా ముడుతోందంటే ఆశ్చర్యం కాదూ?

పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మెల్లిగా, "అయితే అమ్మమ్మా, ఇంజను నడిపేవాళ్ళకి లాగడం ఎంత ముఖ్యమో, పట్టి ఉంచడం అంత ముఖ్యమన్నమాట" అంది. సి.ఇ.సి. మాట ఆ పూట మళ్ళీ ఎత్తలేదు.

మన వయసు వాళ్ళకి రుణ పని గురించి వేరే పాఠం అక్కర్లేదు, మోకాళ్ళే చెబుతాయి. మా ఊరి పుణ్యగిరి కొండకి శివరాత్రికి వెళ్ళినవాళ్ళని అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ళూ తొడలూ. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బిగపడతాయి. ఒంటిని అడుగడుగునా పట్టి ఉంచే రుణ పని వాటిది. మర్నాడు కాళ్ళు పట్టేసేది చాలా మటుకు ఆ దిగుడు వల్లనే.

దీని మీద 1952లో ఇంగ్లండులో ఒక వింత పరీక్ష జరిగింది. ఏబట్, బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు రెండు సైకిళ్ళని వీపుకి వీపుగా పెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకి తొక్కుతారు. రెండోవారు వెనక్కి తిరిగే పెడళ్ళని ఆపడానికి కాళ్ళతో ఒత్తుతారు. మొదటివారిది ధన పని, రెండోవారిది రుణ పని. కాళ్ళ మీద పడే బలం ఇద్దరికీ ఒకటే. కానీ పీల్చిన ప్రాణవాయువు కొలిస్తే, ఆపేవారికి అయిన ఖర్చు తొక్కేవారి ఖర్చు కంటే బాగా తక్కువ! లండను రాయల్ సొసైటీలో పెద్దల ముందు దీన్ని చూపించినప్పుడు, ఆపే సైకిలు మీద చిన్నపాటి అమ్మాయి కూచుంటే, తొక్కే భారీ మనిషి కాసేపటికే అలిసిపోయాడట. సభంతా నవ్వారట. మన ఇళ్ళల్లో ఇది రోజూ జరిగేదేగా, నవ్వడానికేముంది అనుకున్నాను నేను. ఇంటి ఖర్చు బండి కొండ దిగుతుంటే పట్టి ఉంచేదెవరు? కోపాలూ పంతాలూ జోరందుకుంటుంటే బ్రేకు వేసేదెవరు? బండి సాఫీగా ఊరు చేరాక ఆ పని ఎవరి కంటికీ కనబడదు. అదొక్కటే లోటు.

సెలవులయ్యేలోగా పిల్ల ఆ పాఠంలో లెక్కలన్నీ చేసింది. ప్రతి లెక్క పక్కనా మూడు ప్రశ్నలు రాసుకుంది: ఏ వస్తువు మీద? ఎవరి బలం? కదలిక ఆ బలం వైపా, ఎదురా, అడ్డమా? వైపైతే ప్లస్, ఎదురైతే మైనస్, అడ్డమైతే సున్నా. "ఘర్షణ ఎప్పుడూ మైనస్" అన్న రెండో చిట్కాని కూడా తనే కొట్టిపారేసింది. లారీలో ధాన్యం బస్తా ఉంది. లారీ వేగం అందుకుంటుంటే బస్తాని ముందుకి తీసుకుపోయేదేమిటి? లారీ బల్లకీ బస్తాకీ మధ్య ఉన్న ఘర్షణే. బస్తా వెళ్ళేదీ ముందుకే. అంచేత ఇక్కడ ఘర్షణ చేసింది ధన పని. పొరుగింటావిడ కూడా ఒక్కోసారి గిన్నె నింపి పంపిస్తుందని మేమిద్దరం నవ్వుకున్నాం. అక్కచెల్లెళ్ళూ, మీ పిల్లలు ఈ పాఠం దగ్గర ఆగిపోతే చిట్కాలు చెప్పకండి, ఈ మూడు ప్రశ్నలు అడగండి. నుయ్యి లేకపోతే మేడ మీంచి తాడుకి కూరల సంచీ కట్టి లాగినా చాలు.

వెళ్ళే ముందు రోజు సాయంత్రం మావారికి కాఫీ కలుపుతున్నాను. రెండో చెంచా పంచదార కోసం ఆయన చెయ్యి ముందుకొచ్చింది. నేను డబ్బా వెనక్కి లాక్కున్నాను. "ఏం పనే ఇది?" అన్నారు విసుగ్గా.

"రుణ పని. ఈ వయసులో మీ మీద ఎవరో ఒకరు చెయ్యాలిగా" అన్నాను.

పుస్తకంలోంచి తల ఎత్తకుండానే మా పిల్ల అందుకుంది: "తాతయ్యా, మీరూ గట్టిగా పట్టుకోండి. డబ్బా ఎటూ కదలకపోతే ఇద్దరి పనీ సున్నా."